లోపలి కొస

పోయిన వారం మామయ్యని ఒక కాలు జెట్టీ మీద, ఇంకో కాలు తోకపడవలో పెట్టించి వదిలేశాను. అరవై దాటిన మనిషిని వారం పాటు అలా నిలబెట్టానని నన్ను తిట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు. తోకపడవంటే పెద్ద పడవ వెనకాల తాడుతో కట్టుకుని తిప్పే చిన్న పడవ. ఆ రెండో కాలు కూడా అందులోకి వస్తే ముప్పై ఏళ్ల తర్వాత ఆయన తన బావ యాట్, అదే తెరచాప పడవ, ఎక్కబోతున్నట్టు. రాకపోతే ఇక ఈ జన్మకి లేనట్టు. మేనకోడలు పిచ్చుక తెడ్లు పట్టుకుని కూర్చుని, రమ్మని నోరు తెరిచి అనడానికి కూడా భయపడుతూ ఆయన మొహంలోకి చూస్తోంది.

వచ్చింది. ధైర్యం చేసి పెట్టిన కాలేం కాదు. చిన్న అల ఒకటి వచ్చి తోకపడవని జెట్టీకి దూరంగా జరిపింది. మామయ్య విధిలేక లోపలికి దూకి, పనిముట్ల సంచీతో సహా కూలబడ్డాడు. పెద్దమనుషులు కూర్చుని చేయించలేని పని ఒక్క అల చేసిపెట్టింది. పిచ్చుక నవ్వు ఆపుకుని తెడ్డు వేసింది.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పాలి. పిచ్చుక వాళ్ల నాన్న తెరచాపలు కుట్టే మేస్త్రి. మామయ్య, అంటే వాళ్లమ్మకి అన్నయ్య, పడవల వడ్రంగి. కొయ్యపని ఒకరిది, గుడ్డపని ఒకరిది పెట్టుకుని ఇద్దరూ కలిసి ఒక తెరచాప యాట్ కట్టారు. పిచ్చుక పుట్టకముందే తయారైంది కాబట్టి దాన్ని ఇంట్లో అందరూ పెద్దమ్మాయి అంటారు. పిచ్చుకకి ఐదేళ్లప్పుడు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, పెద్దవాళ్లు ముగ్గురూ ఒడ్డున ఉండగా పెద్దమ్మాయి గొలుసు వదిలించుకుని సముద్రంలోకి కొట్టుకుపోయింది. లోపల పిచ్చుక నిద్రపోతోంది. ఆ రోజు లంగరు వేసింది మామయ్య. తప్పు నాదేనని ఆయనే ఒప్పుకున్నాడు. పిల్ల క్షేమంగా దొరికింది గానీ బావలిద్దరి మధ్యా మాట మాత్రం మళ్లీ దొరకలేదు.

ఇప్పుడు ముంచుకొచ్చిందేమిటంటే, జెట్టీకి మరమ్మతులని హార్బర్ ఆఫీసు వాళ్లు పడవలన్నిటినీ ఖాళీ చేయమన్నారు. మిగతావన్నీ నది మీదుగా లోపలి రేవుకి పోయాయి. పెద్దమ్మాయి తెరచాప స్తంభం ఆ నది మీది వంతెన కింద పట్టదు. పైగా రాత్రికి పెద్దగాలి వస్తుందని రేడియో ఒకటే గోల. ఇక మిగిలిన చోటు కొండ వెనకాల సముద్రం లోపలికి తిరిగిన వంపు ఒక్కటే. పడవ కొట్టుకుపోయిన వంపు కూడా అదే. ఆ తర్వాత పెద్దమ్మాయి ఎక్కడా లంగరు వేసి ఎరగదు, ఎప్పుడు బయటికెళ్లినా పొద్దుండగానే వచ్చి జెట్టీకి కట్టేయడమే. నాన్న చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. పిచ్చుకకి చాపలు కుట్టడం వచ్చు, పడవ నడపడం వచ్చు, లంగరు వేయడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఈ రాత్రి గాలికి లంగరు పట్టకపోతే పెద్దమ్మాయి వంపు మొదట్లో ఉన్న రాళ్ల మీద పడి వంటచెరకైపోతుంది. అందుకని ఎవరిని పిలవకూడదో ఆ మనిషినే పిచ్చుక వెళ్లి పిలుచుకొచ్చింది.

నాన్న చుక్కాని దగ్గర కూర్చుని ఎదురుగా ఉన్న నీళ్ల వైపు చూస్తున్నాడు. మామయ్య పడవ పక్కకి వచ్చినా తల తిప్పలేదు. వచ్చినవాళ్లని చెప్పులు విప్పి ఎక్కమను అని పిచ్చుకతో అన్నాడు. ఈ డెక్కు చెక్కలు పరిచింది ఎవరో మీ నాన్నని గుర్తు తెచ్చుకోమను అని మామయ్య కూడా పిచ్చుకతోనే అన్నాడు. అప్పటికే ఆయన చెప్పులు చేతిలో ఉన్నాయి. ఇద్దరికీ మధ్య నాలుగు అడుగుల దూరం కూడా లేదు. పిచ్చుక అటూ ఇటూ చూసి, మీ ఇద్దరి మాటలు మోయడానికి నాకు కూలి ఎవరిస్తారని అడిగితే ఎవరూ నవ్వలేదు.

అమ్మ కూడా పడవలోనే ఉంది. అదే అన్నిటికంటే వింత. ఆ ఎండాకాలం తర్వాత ఆవిడ ఈ పడవ ఎక్కలేదు, జెట్టీ దాకా కూడా రాలేదు. పొద్దున తయారై వచ్చి, నేనూ వస్తున్నానంది. ఎందుకని అడిగితే, ముడి ఎవరు కడతారు అంది. ఎక్కీ ఎక్కగానే కేబిన్ లోపలికి దిగి, ముందువైపు చిన్న అరలో గొలుసు దగ్గర కూర్చుంది.

ఇంజను టకటకలాడుతూ పెద్దమ్మాయి హార్బర్ దాటింది. మామయ్య పక్క కమ్మీ మీద అరచెయ్యి ఆనించి రాసుకుంటూ పడవ ముక్కు వైపు నడిచాడు. ఒకచోట చెయ్యి ఆగింది. అక్కడ కొయ్యలో బొటనవేలంత గుండ్రటి మాటు ఉంది. పడవ కట్టేటప్పుడు ఆ కొయ్యలో కణుపు ఊడి బెజ్జం పడితే, చేతికందిన చెక్క ఏదీ రంగు కలవక, తను కూర్చునే పీట కాలు కోసి దిగ్గొట్టాడు. ఆ పీట చాలా రోజులు మూడుకాళ్ల మీదే బతికింది, తెలియక కూర్చున్నవాళ్లు మాత్రం నేల మీద బతికారు. మామయ్య వేలితో ఆ మాటు చుట్టూ తడిమి, ఇంకా గట్టిగానే ఉంది అని ఎవరికీ కాకుండా చెప్పుకున్నాడు.

ఆయన్ని అలా చూస్తుంటే పిచ్చుకకి పాత రోజులన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. నాన్న పని చేసే హాలు గుర్తొచ్చింది. నున్నటి చెక్క నేల, ఒక మూల నేలలోకే దించిన గుంటలో కుట్టుమిషను. గుడ్డ ఎక్కడా వేలాడి లాగకుండా మిషను బల్ల నేలకి సమానంగా ఉండాలి మరి. నాన్న గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే నడుం పైనుంచి మాత్రమే కనిపించేవాడు, నేలలో మొలిచినట్టు. చుట్టూ సుద్దతో గీసిన తెరచాప గీతలు. ఆ గీత తొక్కితే వీపు విమానం మోతే. గీతలు లేని చోట మేజోళ్లతో జారుకోవచ్చు. సాయంత్రం అయ్యేసరికి మామయ్య తన షెడ్డు నుంచి కనుబొమల మీద రంపంపొట్టుతో వచ్చి, గుమ్మంలో నిలబడి, ఇది తెరచాపా దుప్పటా బావా అనేవాడు. నువ్వు కట్టేది పడవా పశువుల తొట్టా అని గుంటలోంచి జవాబొచ్చేది. ఒకరి పనిని ఒకరు తిట్టుకోకపోతే ఆ ఇద్దరికీ ఆ పూట అన్నం సహించేది కాదు.

ఎండాకాలం ఆదివారాలు వంపులోనే గడిచేవి. ఒడ్డున పుల్లలు ఏరి మంట వేసేవాళ్లు, వంటంతా పొగవాసన. మధ్యాహ్నం పిచ్చుకని ముందువైపు పక్క మీద పడుకోబెడితే చెవి కింద, చెక్కకి అవతల, నీళ్లు గుసగుసలాడుతుండేవి. పడవ కొట్టుకుపోయిన రోజు కూడా ఆ గుసగుసే వింటూ లేచింది. ఎవరూ లేరు. కప్పు మీద నీటి వెలుగు ఆడుతోంది. భయం వేయలేదు. డబ్బాలో బిస్కెట్లు తిని, పెద్దమ్మాయితో కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంది. చేపలు పట్టేవాళ్లు వచ్చి ఎత్తుకునేదాకా అలాగే ఉంది. అంత సంతోషంగా గడిచిన సాయంత్రం తన జీవితంలో ఇంకోటి లేదు. ఈ మాట ఇంట్లో ఎవరితో అనగలదు? ఆ సాయంత్రమే కదా ఇంటిని రెండు ముక్కలు చేసింది.

వంపులోకి తిరిగేసరికి ఎండ పచ్చబడింది. గాలి ఇంకా చిన్నదే గానీ దూరంగా సముద్రం రంగు మారింది.

లంగరు వేసేటప్పుడు ఒక మనిషి ముక్కు దగ్గరా, ఒక మనిషి చుక్కాని దగ్గరా ఉంటారు. మధ్యలో గాలీ ఇంజనూ కలిసి మాటల్ని మింగేస్తాయి. అరిచి చెప్పుకుంటే సగం వినపడదు, మిగతా సగం తిట్టులా వినపడుతుంది. అలా అరుచుకుని పెళ్లిళ్లు పెటాకులైన పడవలు నాకు తెలుసు. అందుకని ఈ బావలిద్దరూ పడుచువాళ్లుగా ఉన్నప్పుడే చేతిసైగలు కల్పించుకున్నారు. పిచ్చుక ఈ సంగతి మరిచేపోయింది. అటు మాట ఇటు మోయడానికి సిద్ధమై స్తంభం దగ్గర మధ్యలో నిలబడింది.

ఆమె అవసరమే రాలేదు. మామయ్య సీసం గుండు కట్టిన తాడు నీళ్లలోకి వదిలి, పైకి లాగి, మూడు వేళ్లు చూపించాడు, మూడు బారల లోతు. నాన్న తల ఊపి, ముక్కుని గాలికి ఎదురు తిప్పాడు. మామయ్య పిడికిలి ఎత్తాడు. ఇంజను చప్పుడు తగ్గింది. పెద్దమ్మాయి మెల్లగా నిలబడి, కాసేపు ఏం చేయాలో తోచనట్టు ఊగి, వెనక్కి జరగడం మొదలెట్టింది. ఇద్దరూ ఎదురుచూస్తున్నది దానికే. మామయ్య లంగరు విసరలేదు, బావిలోకి బిందె దించినట్టు దించాడు. పడవ వెనక్కి పోయిన కొద్దీ గొలుసు వదిలాడు, ఒకచోట కుప్పపడకుండా అడుగున పరుచుకునేలా.

లోతుకి ఐదింతలు గొలుసు వేయాలి, గాలి ముదిరితే ఏడింతలు. గొలుసు దగ్గర పీనాసితనం చేస్తే పడవ దక్కదని నాన్న చిన్నప్పుడు చెప్పేవాడు. లంగరుని పైకి లాగితే ఊడొస్తుంది, నేల వెంబడి లాగితే ఇంకా లోపలికి దిగుతుంది. మామయ్య గొలుసంతా వదిలి, ముక్కు దగ్గర డెక్కులో పాతిన గుంజకి చుట్లు వేశాడు. చెయ్యి వెనక్కి ఊపాడు. నాన్న ఇంజను వెనక్కి నడిపాడు. గొలుసు నీళ్లలోంచి లేచి బిగుసుకుంది. మామయ్య దాని మీద అరికాలు ఆనించి కళ్లు మూసుకున్నాడు. లంగరు పట్టు దొరక్క జారుతుంటే గొలుసు గరగరమని వణుకుతుంది, పట్టుకుంటే ఊరుకుంటుంది. నాన్న అక్కడినుంచి ఆ కాలినే చూస్తున్నాడు. ఒడ్డున పెద్దరాయీ, దాని వెనక పాత గుడిసె మూలా ఒకే వరసలో ఉన్నాయి, ఎంతసేపు లాగినా ఆ వరస చెదరలేదు. మామయ్య కళ్లు తెరిచి అరచెయ్యి చూపించాడు. పట్టింది.

ముప్పై ఏళ్లు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. మామయ్య భార్య పోయినప్పుడు నాన్న వాళ్ల వీధి చివరిదాకా వెళ్లి, అక్కడే నిలబడి నిలబడి, తిరిగొచ్చేశాడు. అలాంటి ఇద్దరి చేతులు అలా కబుర్లు చెప్పుకుంటుంటే పిచ్చుకకి ఏడుపొచ్చింది. ఇంక మాట్లాడుకోవడం ఎంతసేపు అనుకుంది.

ఒక్క సైగ మిగిలింది. మామయ్య పిడికిలి బిగించి తన బొడ్డు దగ్గర పెట్టుకున్నాడు. లోపలి కొస సంగతేమిటి అని దానర్థం. గొలుసుకి ఒక కొస లంగరుకి ఉంటుంది. రెండో కొస కేబిన్ ముందు అరలో ఇనప కడియానికి తాడుతో కట్టి ఉంటుంది. పైన గుంజ మీద చుట్లు ఊడినా పడవ పోకుండా ఆపేది ఆ ముడే. ప్రమాదం వస్తే కత్తితో కోసి పారిపోవడానికి వీలుగా దాన్ని తాడుతోనే కడతారు. తడిసి ఆరి తాడు పుచ్చిపోతుంది కాబట్టి ఈ పడవలో ఒక కట్టుబాటు ఉంది, పాత ముడిని నమ్మకూడదు. లంగరు వేసిన ప్రతిసారీ విప్పి కొత్తగా కట్టాలి. ఆ పని మొదటినుంచీ అమ్మది. చుక్కాని దగ్గర ఉన్నవాడు వంగి, కట్టావా అని లోపలికి అడిగి, ఆమె కట్టానంటే అప్పుడు ముందున్నవాడికి పిడికిలి చూపించాలి.

నాన్న వెంటనే పిడికిలి బొడ్డు దగ్గర పెట్టుకున్నాడు. వంగలేదు, అడగలేదు.

మామయ్య మొహం మారిపోయింది. గొలుసు దగ్గర్నుంచి లేచి డెక్కు మీద వెనక్కి నడిచి వచ్చాడు. కౌగిలించుకోవడానికి వస్తున్నాడనుకుని పిచ్చుక పక్కకి తప్పుకుంది. ఆయన నాన్న ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"చూసి చెప్పావా బావా?"

ముప్పై ఏళ్లలో మొదటి మాట అది. నాన్న మొహం జేవురించింది.

"నన్నా అడుగుతున్నావు? గుంజకి నాలుగు చుట్లు వేయడం చేతకాని మనిషివి, నన్ను చూసి చెప్పావా అంటావా?"

"చూడకుండా చెప్పావు. రాత్రికి గాలొస్తోంది, అందుకని అడిగాను. ఆ రోజూ చూడకుండానే చెప్పావు."

ఆ తర్వాత నాన్న అన్న మాటలన్నీ రాయను. అన్నాళ్లు గొంతులో పెట్టుకున్నవి ఒక్కసారి బయటికొస్తే ఎలా ఉంటాయో మీకూ తెలుసు. ఒడ్డున పరుగెత్తి పరుగెత్తి గొంతు పోయిందని, ఇప్పటికీ ఖాళీ నీళ్లు చూస్తే కళ్లు పడవ కోసం వెతుకుతాయని అన్నాడు. నిన్ను అన్నదమ్ముడి కంటే ఎక్కువ అనుకున్నానని కూడా అన్నాడు, అది అంటున్నప్పుడు మాత్రం గొంతు తగ్గింది. మామయ్య తల వంచుకుని వింటున్నాడు.

పిచ్చుక మనసులో మాత్రం ఒక ముల్లు గుచ్చుకుంది. చిన్నప్పటినుంచీ విన్న కథే. ఊహ తెలిశాక లంగరు వేయడం కళ్లారా చూసింది మాత్రం ఈ రోజే.

"నాన్నా, గుంజ మీద చుట్లు ఊడినా లోపలి కొస ఆపాలి కదా? మరి గొలుసు మొత్తం ఎలా పోయింది?"

తాడు పుచ్చిపోయి తెగిందన్నాడు నాన్న. ఎవరు చెప్పారని అడిగింది. మీ మామయ్యే అన్నాడు. నువ్వు ఆ తాడు చూశావా అంటే, పడవ దొరకగానే నేరుగా మామయ్య షెడ్డుకి పోయిందని, తను మళ్లీ అందులో అడుగు పెట్టేసరికి కొత్త గొలుసు, కొత్త తాడు వేసి ఉన్నాయని చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆయన మాట నెమ్మదించింది. మామయ్య వైపు తిరిగాడు.

"బావా, తాడు తెగిందా లేదా?"

"ఇప్పుడెందుకది? నాదే తప్పన్నాను, నువ్వూ నాదే అన్నావు, అయిపోయింది. ముందు లోపల ముడి చూసి రా."

"తెగిందా లేదా?"

"తెగలేదు" అన్నాడు మామయ్య.

నాన్న చుక్కాని కర్ర పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. తాడు తెగలేదంటే ముడే లేదన్నమాట. ముడి లేకుండానే ఉందని సైగ చేసింది తను. పిల్లని సముద్రంలోకి పంపింది తన పిడికిలి. ఆ మాట పైకే అన్నాడు. నా తప్పు నీ నెత్తిన వేసుకుని ఇన్నేళ్లు నా చేత తిట్లు తిన్నావా అన్నాడు. మీ ఆవిడ పోయినప్పుడు నేను నీ పక్కన లేను బావా అన్నాడు. పిచ్చుక తన తండ్రి ఏడవడం అంతకుముందు చూడలేదు. మామయ్య ఆయన భుజం మీద చెయ్యి వేశాడు గానీ అవునని అనలేదు, కాదని అనలేదు. కళ్లు మాత్రం కేబిన్ తలుపు వైపే ఉన్నాయి.

తలుపు దగ్గర మెట్ల మీద అమ్మ నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి నిలబడిందో.

"ఇంక చాలు అన్నయ్యా."

"నువ్వు లోపలికెళ్లు చెల్లాయ్" అన్నాడు మామయ్య గబగబా. "గాలి చల్లగా ఉంది."

అమ్మ వెళ్లలేదు. ఈ రోజు ముడి కట్టాను, కావాలంటే చూసుకో అని ముందు పిచ్చుకని లోపలికి పంపింది. పిచ్చుక దిగి, అరలోకి చెయ్యి పెట్టి, బలం కొద్దీ లాగి చూసింది. ముడి రాయిలా ఉంది. గుంజా సరే, లోపలి కొసా సరే. ఈ రాత్రికి పెద్దమ్మాయికి భయం లేదు. ఆ మాట చెప్పడానికి పైకి వచ్చేసరికి అమ్మ నాన్న ఎదురుగా కూర్చుని ఉంది.

"అన్నయ్య తప్పు కాదు, మీ తప్పూ కాదు" అంటోంది. "ఆ రోజు పాత ముడి విప్పాను. కొత్తది కట్టలేదు. మరిచిపోయి కాదు."

మామయ్య మొహం తిప్పుకున్నాడు. ఆయనకి తెలుసు. దొరికిన పడవలో తెగని తాడు, చక్కగా చుట్టపెట్టి పక్కన పెట్టిన తాడు, మొదట చూసింది ఆయనే.

అమ్మ నెమ్మదిగా, బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు ఒక్కొక్క మాటా ఏరుకుంటూ చెప్పింది. బావలిద్దరూ ఈది ఒడ్డుకెళ్లి పుల్లలు ఏరుకుంటున్నారు. తలనొప్పి అని ఆవిడ పడవలో ఉండిపోయింది. పిల్లని పడుకోబెట్టింది. లంగరు ఒంటరి ఆడమనిషి ఎత్తగలిగేది కాదు. గొలుసు మొత్తం వదిలేస్తే ఎత్తే పనే లేదు. గుంజ మీద చుట్లు ఒక్కొక్కటే తీసింది. ఆఖరి చుట్టు మిగిలింది. తెరచాప ఎలా ఎత్తాలో, చుక్కాని ఎలా పట్టాలో ఆ ఇద్దరి పక్కనా కూర్చుని కూర్చుని ఎప్పుడో నేర్చుకుంది. అది ఎవరూ గమనించలేదు.

"మీరు ఒక్కసారి వంగి, కట్టావా అని అడిగుంటే నేను అబద్ధం చెప్పలేకపోయేదాన్ని. అడగలేదు. నా జవాబు కూడా మీ చేత్తో మీరే చెప్పేశారు."

పిచ్చుకకి ఆ రోజు తిన్న బిస్కెట్లు గుర్తొచ్చాయి. తన బంగారు సాయంత్రం. అది పొరపాటు కాదు, అమ్మ తనని తీసుకుని వెళ్లిపోదామనుకున్న ప్రయాణం. ఎక్కడికి, ఎందుకు అని అడగాలని నోటిదాకా వచ్చింది. నాన్న ముందు అడిగాడు, కానీ ఆయన అడిగింది వేరే.

"మరి ఎందుకు దిగావు?"

అమ్మ ఆశ్చర్యంగా చూసింది, ఇది కూడా గుర్తులేదా అన్నట్టు. ఆ మొహంలో అంత ఆపేక్ష పిచ్చుక ఎన్నడూ చూడలేదు.

"మీరు పిలిచారుగా. రాళ్ల వెనకనుంచి. పేరు పెట్టి పిలిచారు. అప్పటిదాకా పుట్టింట్లో చెల్లాయిని, మీకు ఏమోయ్‌ని, తర్వాత పిచ్చుకవాళ్లమ్మని. నా పేరు ఒకటుందని నాకే గుర్తులేదు. ఆ పిలుపు విని, ఒక్కసారి మీ మొహం చూసి వద్దామని తోకపడవ ఎక్కాను. వచ్చేసరికి మీరు పుల్లలు ఏరుకుంటూ వెనక్కి కూడా తిరగలేదు, సిగ్గుపడుతున్నారనుకున్నాను. నేను తిరిగి చూస్తే, మిగిలిన ఆ ఒక్క చుట్టూ జారిపోయినట్టుంది, పడవ లేదు. పిల్ల దొరికాక మళ్లీ వెళ్లాలనిపించలేదు. అప్పుడప్పుడూ మనసు విరిగినా, అంత ప్రేమగా పిలిచిన మనిషి కదా అనుకునేదాన్ని."

గాలి పెరుగుతోంది. పెద్దమ్మాయి గొలుసు చివర మెల్లగా ఒక పక్కకి తిరిగి ఆగింది. నాన్న భార్య మొహంలోకి చూశాడు. ఆయనకి అబద్ధం చేతకాదు, ఇంత చిన్న అబద్ధం, ఇంత అవసరమైన అబద్ధం కూడా చేతకాలేదు.

"నేను పిలవలేదు" అన్నాడు. "ఆ రోజు నేను నిన్ను పిలవలేదు."

ముప్పై ఏళ్ల కాపురం ఆ ఒక్క పిలుపుకి కట్టుకుని బతికిన మనిషి కదలకుండా కూర్చుంది. తర్వాత, మెల్లగా, ఆ రోజు ఒడ్డున ఉన్న రెండో మనిషి వైపు, అన్నయ్య వైపు తిరిగింది.